కుడి పిడికిలి

"మట్టిలో నిలబెట్టగానే వాడి కాలు పుటుక్కుమంటే ఏం చేస్తారు?" అన్నాను.

జొన్న భాకరీ తడుతున్న మా అత్త హౌసాబాయి చేతులు ఆగలేదు. "పెనం ఇంకా వేడెక్కలేదు, నీ బుర్ర మాత్రం వేడెక్కింది," అంది.

"కాలు కాకపోతే నడుం. వాడి ఒళ్ళు మామూలుగా లేదత్తా. వారం నుంచీ అదే మొత్తుకుంటున్నాను."

"నువ్వు మొత్తుకోని వారం ఏదే వైజూ? వాడు పుట్టిన మర్నాడు వెక్కిళ్ళొస్తే గుండెజబ్బన్నావు. పిర్ర మీద నీలిమచ్చ చూసి పాము కరిచిందని గల్లీనంతా పోగేశావు. మాడు అదురుతోందని ఎండాకాలంలో ఉన్ని టోపీ తియ్యనివ్వలేదు. చెవుడేమోనని నా పుట్టింటి ఇత్తడి పళ్ళేలు నేలకేసి కొట్టి సొట్టలు పెట్టావు. ఇప్పుడిక కాళ్ళ దగ్గరికొచ్చావు."

అందులో ఒక్కటీ అబద్ధం కాదు. పంచగంగ పొంగిందని రోజూ అరిచేదాని మాట, నిజంగా నీళ్ళు వాకిట్లోకొచ్చిన రోజు ఎవరు వింటారు?

ఇవాళ శనివారం, మారుతి వారం. మా మామగారు జోతిరామ్ వస్తాద్ తను కుస్తీ నేర్పే గల్లీ తాలీమ్‌లో అందరికీ మాటిచ్చేశారు, పొద్దున్నే మనవణ్ణి ఎర్రమట్టిలో నిలబెడతానని. ఆరో నెల నడుస్తున్న పిల్లాడు చంకల కింద పట్టుకుంటే చాలు, కాళ్ళు ఇనపకడ్డీల్లా దించేస్తున్నాడని ఆయన గొప్ప. మిరజ్ ఆసుపత్రిలో పిల్లల నరాల డాక్టరమ్మ కూర్చునేదీ ఇవాళే. మధ్యాహ్నానికి వెళ్ళిపోతుంది, మళ్ళీ నెలదాకా రాదు. ఉన్నది ఒక్క పిల్లాడు, ఒక్కటే పొద్దు.

కిందటి వారం సూది వేయించడానికి తీసుకెళ్ళినప్పుడు నర్సు వాడి కుడి పిడికిలి విప్పబోయి, ఆగి, నా మొహంలోకి చూసింది. "ఎప్పుడూ ఇలాగే మూసుకుంటాడా? బొటనవేలు లోపలికి పెట్టుకుని?" అంది. ఇంకో రెండు ప్రశ్నలడిగి, ఏ గుర్తులు చూడాలో చెప్పి, మిరజ్ పేరు చెప్పింది. జబ్బు పేరు మాత్రం చెప్పలేదు. అది డాక్టరు నోటినుంచే రావాలంది.

ఇంటికొచ్చి ఆ గుర్తులతో ఫోన్లో నేనే వెతుక్కున్నాను. సెరిబ్రల్ పాల్సీ. మెదడుకి వచ్చే పక్షవాతం అని కింద మరాఠీలో రాసుంది. పదో తరగతి తప్పినదాన్ని, సగం అర్థం కాలేదు. అర్థమైన సగంతోనే వారం నుంచీ నాకు ముద్ద దిగడం లేదు.

"ఆ ఫోన్లో చూస్తే తుమ్ముకీ చావే రాసుంటుంది," అంది అత్త, నా మనసులో మాట చదివినట్టు. "పోయి వాణ్ణి తీసుకురా. నలుగు పెట్టి నీళ్ళు పోస్తాను. తాత నిలబెట్టే వేళకి బంగారంలా మెరవాలి."

ఉయ్యాలలో రణజీత్ మేలుకునే ఉన్నాడు. నన్ను చూసి నవ్వాడు. ఆ నవ్వు చూస్తే ఏ జబ్బూ గుర్తురాదు. కిటికీలోంచి పడుతున్న ఎండని అందుకోబోయాడు, ఎడమచేత్తోనే. కుడిచెయ్యి పక్కనే ముడుచుకుని, అది తనది కానట్టు ఉండిపోయింది.

నేను ఎడమచెయ్యి మెల్లిగా పట్టుకుని ఆపాను. ఇప్పుడు రెండోది వస్తుందేమోనని చూశాను. రాలేదు. వాడు ఏడుపు లంకించుకున్నాడు.

"మళ్ళీ ఏం పరీక్ష పెడుతున్నావే వాడికి?" వంటింట్లోంచి కేక.

* * *

అత్త పీట మీద కూర్చుని కాళ్ళు చాచి, వాటిమీద పిల్లాణ్ణి పడుకోబెట్టుకుంది. గోరువెచ్చటి నూనె అరచేతిలో పోసుకుని ఛాతీ రుద్దింది, పొట్ట రుద్దింది. నోరు ఊరుకోదు ఆవిడకి. "తాతకి నువ్వంటే పిచ్చిరా. కన్నకొడుకు, మీ నాన్న కూడా ఇంత ముద్దుకి నోచుకోలేదు. వాడు భుజం జారిందని మట్టి వదిలేసిన రోజు నుంచీ ఆయన వాడితో నిండుగా ఒక మాట మాట్లాడాడా చెప్పు."

ఎడమకాలు పట్టి మడిచింది. అది కష్టంగానే అయినా మడత పడింది. కుడికాలు మడవబోయింది. కాలు ఎదురు తిరిగింది.

అత్త చెయ్యి అక్కడ ఆగింది.

"తొడలు విడిపోవడం లేదు కదత్తా," అన్నాను నెమ్మదిగా. "లంగోటీ మార్చేటప్పుడు నాకూ ఇంతే. తలుపు గడియ తుప్పు పట్టినట్టు."

ఆవిడ నా వైపు చూడలేదు. ఇంకాస్త నూనె పోసుకుంది. మళ్ళీ మడవబోయింది. రణజీత్ వీపు విల్లులా వంచి తల వెనక్కి పడేశాడు. కుడి పిడికిలి గడ్డం దాకా వచ్చి బిగుసుకుంది.

"నూనె చాలలేదు," అంది అత్త.

అంతే అంది. ఆ తర్వాత నీళ్ళు పోస్తున్నంత సేపూ నోరు విప్పలేదు. ఈ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ మాటలకి భయపడ్డాను. ఆవిడ మౌనానికి భయపడటం అదే మొదటిసారి.

తువ్వాల్లో చుడుతుండగా మామగారు లోపలికొచ్చారు. పాలకట్ట దగ్గర అప్పుడే పితికిచ్చే గేదెపాలు తాగి వచ్చినట్టున్నారు, మీసం మీద నురగ ఆరలేదు. డెబ్బై దాటినా గుమ్మం ఆయనకి ఇరుకే. చేతిలో కొత్త లంగోటీ, ఎర్రది, రణజీత్ కొలతకి కుట్టించింది.

"రావయ్యా పహిల్వాన్," అని చంకల కింద పట్టుకుని పైకెత్తారు.

ఎత్తగానే వాడి కాళ్ళు రెండూ కర్రల్లా చాచుకుని, ఒకదాని మీదికొకటి ఎక్కి మెలిపడ్డాయి. వేళ్ళు నేలవైపు పొడుచుకొచ్చాయి.

"చూడు హౌసా, కత్తెర పట్టు. ఈ పట్టు పడటానికి మా రోజుల్లో మూడేళ్ళు మట్టి తినేవాళ్ళం. వీడు కడుపులోంచే నేర్చుకొచ్చాడు."

అత్త నవ్వాలి ఇక్కడ. రోజూ నవ్వుతుంది. ఇవాళ తువ్వాలు మడత పెట్టుకుంటూ కూర్చుంది.

"మామంజీ," అన్నాను. "ఈ వయసు పిల్లలు కాళ్ళు ముడిచి తపతపా తన్నుకోవాలిట. వీడు తన్నడు. బిగపడతాడు."

"తన్నేది గాడిద. బిగపట్టేది పహిల్వాన్."

"కుడిచెయ్యి తెరవడు. గిలక్కాయ ఇటు పెట్టినా అటు పెట్టినా ఎడమచేత్తోనే అందుకుంటాడు."

"మా గురువుగారిదీ ఎడమచేతి వాటమే. ఎడమచేతివాడు గోదాలో దిగాడంటే ఎదుటివాడికి సగం చెమట అక్కడే పడుతుంది."

"ఏడాది నిండేలోపు పిల్లలకి చేతివాటం రాకూడదట. రెండు చేతులూ సమానంగా ఆడించాలిట. వచ్చిందంటే రెండో చేతిలో ఏదో లోపముందనేట. నర్సు చెప్పింది."

"ఆ నర్సు ఎన్ని కుస్తీలు పట్టిందట?"

"ఈ గుర్తులున్నంత మాత్రాన జబ్బేనని కాదంది మామంజీ. చూపించడం మాత్రం ఆలస్యం చెయ్యొద్దంది. ఇప్పటినుంచే కసరత్తు మొదలెడితే చిన్న మెదడు కాబట్టి కొత్త దారులు వెతుక్కుంటుందట. పెద్దయ్యాక అంత వినదట. ఇవాళ ఒక్క పొద్దు నాకివ్వండి. మట్టికి వచ్చే శనివారం తీసుకెళ్దురుగాని."

మామగారు పిల్లాణ్ణి భుజానికెత్తుకున్నారు. కోపం వస్తే ఆయన గొంతు పెరగదు, దిగుతుంది.

"వైజూ, నువ్వు పిరికిదానివి. అది తప్పు కాదు, కొందరి పుట్టుక అంతే. కానీ నీ పిరికితనం వాడికి పాలతో పోయకు. జోతిరామ్ వస్తాద్ మనవణ్ణి నరాల డాక్టరుకి చూపించారట అని రేపు గల్లీలో ఒక్కడన్నా, ఆ మాట వాడికి జన్మంతా అతుక్కుంటుంది. గోదాలో దిగినప్పుడల్లా వెనకనుంచి అదే వినిపిస్తుంది. తల్లివి, ఆలోచించుకో."

ఆయన చెప్పిందీ ప్రేమే. ఆ ప్రేమకి ఎదురు చెప్పేంత చదువు నాకు లేదు.

* * *

మా ఆయన వాకిట్లో బండి తుడుస్తున్నారు. శిరోలీ ఫౌండ్రీలో రాత్రి డ్యూటీ దిగి వచ్చి గంట కాలేదు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అద్దాన్ని గుడ్డతో రుద్దిన చోటే రుద్దుతున్నారు.

"మీరొక్క మాట చెప్పండి," అన్నాను.

"ఏం చెప్పమంటావు?"

"మిరజ్ వెళ్ళాలని. మీ కొడుకు. మీ నోటినుంచి వస్తే ఆయన వింటారు."

"నా మాట ఆయన విని ఎన్నేళ్ళయిందో నీకు తెలియదా?"

"ఆయన సంగతి నాకు తెలుసు. పిల్లాడి సంగతి మీకు తెలుసా?"

గుడ్డ ఆగింది. ఆయన ఏదో అనబోయి, వంగి చక్రం వైపు తిరిగారు. "అన్నిటికీ ఇలా భయపడితే ఎలా వైజూ. నిన్న మొన్నటిదాకా చెవుడన్నావు," అన్నారు చక్రంతో.

కిందటి వారం నర్సు మాట ఇంట్లో చెప్పినప్పుడూ ఈయన అందరి ముందూ ఇదే అన్నారు. దాని మాటలు పట్టించుకోకండి, దాని స్వభావం అంతే, అని. ఆ రోజు నేను పెరట్లోకి పోయి బట్టలుతుకుతూ ఏడ్చాను. ఉతకడానికేం లేకపోతే ఉతికినవే మళ్ళీ ఉతికాను.

లోపలినుంచి రణజీత్ ఏడుపు వినిపించింది. లంగోటీ కట్టడానికి మామగారు తంటాలు పడుతున్నట్టున్నారు. మా ఆయన చేతులు తుడుచుకుని లోపలికెళ్ళారు. నేనూ వెనకే వెళ్ళాను.

ఒక్క మాటా అనకుండా తండ్రి చేతుల్లోంచి పిల్లాణ్ణి అందుకున్నారు. ఆయన ఎత్తుకోవడం వేరుగా ఉంటుంది. మోకాళ్ళ కింద చెయ్యి పోనిచ్చి, కాళ్ళు మడిచి, వాణ్ణి ఉట్టిలో కూర్చోబెట్టినట్టు ఛాతీకి ఆనించుకుంటారు. కాసేపటికి వాడి కాళ్ళు మెత్తబడ్డాయి. ఏడుపు ఆగింది. లంగోటీ కట్టడం తేలికయింది.

నాకు ఒళ్ళు మండింది. నా చేతుల్లో కొయ్యలా ఉండేవాడు ఈయన చేతుల్లో మైనంలా ఎలా అవుతాడు? నా భయమే వాడి ఒంట్లోకి దిగుతోందేమో. మామగారన్నట్టు పాలతో పోస్తున్నానేమో. అప్పుడైతే జబ్బు వాడిది కాదు, నాది. ఆ ఆలోచన వచ్చాక నుంచున్న చోట నుంచోలేకపోయాను. వంటింట్లోకి వెళ్ళి, ఎందుకొచ్చానో మర్చిపోయి, మళ్ళీ బయటికొచ్చాను.

"కొబ్బరికాయ తీసుకుని బండి మీద వెనకే రా," అన్నారు మామగారు కొడుకు వైపు చూడకుండా. పిల్లాణ్ణి తీసుకుని గుమ్మం దాటారు. ఎర్ర లంగోటీ, నుదుటిమీద సింధూరం. గల్లీలో ఎవరో "వస్తాద్, పహిల్వాన్ బయల్దేరాడా," అంటే ఆయన నవ్వు మూలమలుపు దాకా వినిపించింది.

నేను సంచీ తీశాను. రెండు జతల బట్టలు, పాలసీసా, మఫ్లరు పెట్టాను. మఫ్లరు ఎందుకో నాకే తెలియదు, బయట మండుటెండ. చెప్పులేసుకుంటుంటే వెనక అడుగుల చప్పుడయింది.

"ఎక్కడికి?" అంది అత్త.

"తాలీమ్‌కి. అక్కణ్ణుంచి బస్సుకి."

"ఆడవాళ్ళు ఆ గడప తొక్కరు. నేను కాపురానికొచ్చి యాభై ఏళ్ళు, లోపల గోడకి ఏం రంగు వేశారో కూడా నాకు తెలియదు."

"గడప బయటే నుంచుంటాను."

తిడుతుందనుకున్నాను. లోపలికి వెళ్ళిపోయింది. సరే, మామూలే అనుకుని నేను మెట్టు దిగేసరికి మళ్ళీ వచ్చి, గుడ్డలో కట్టిన మూట సంచీలో కుక్కింది. వేడిగా తగిలింది. భాకరీలు, పచ్చిమిర్చి దంచిన ఖర్డా.

"మిరజ్ దాకా అంటే ఆకలేస్తుంది," అంది గోడవైపు చూస్తూ. "పాలిచ్చేదానివి."

* * *

తాలీమ్ తలుపు చిన్నది, ఎంత పెద్ద పహిల్వానయినా తల వంచే వెళ్ళాలి. గడప బయట చెప్పుల గుట్ట పక్కన నుంచున్నాను. లోపలి చీకటికి కళ్ళు అలవాటు పడటానికి కొంచెం సేపు పట్టింది. మజ్జిగ, నూనె, పసుపు, నిమ్మరసం పోసి తవ్విన ఎర్రమట్టి వాసన ముందు వచ్చింది. తర్వాత మారుతి పటం కనిపించింది, దాని కింద దీపం, గోదా చుట్టూ పది పన్నెండు మంది కుర్రాళ్ళు, ఒంటినిండా మట్టి.

నన్ను చూసి ఒకడు గబుక్కున తువ్వాలు కప్పుకున్నాడు. ఇంకొకడు వస్తాద్ చెవిలో ఏదో అన్నాడు. మామగారు తల తిప్పి చూశారు. చూసి, చూడనట్టు ముందుకి తిరిగారు.

నా వెనక బండి ఆగింది. మా ఆయన దిగారు, చేతిలో కొబ్బరికాయ. లోపలికి వెళ్ళలేదు. భుజం జారిన నాటినుంచీ ఆయనా ఆ గడప తొక్కలేదు.

"జై బజరంగ్," అన్నారు మామగారు. అందరూ అందుకున్నారు. ఆయన మోకాళ్ళ మీద వంగి, రణజీత్‌ని చంకల కింద పట్టుకుని, మెత్తగా తవ్విన మట్టిలోకి దించారు.

నిలబడ్డాడు.

కుర్రాళ్ళు తొడలు చరిచారు. "వాహ్ వస్తాద్, వాహ్," అన్నారు. "ఎలా బిగించాడో చూడండి. రెండేళ్ళవాడు కూడా ఇలా నుంచోడు." మామగారి మొహం వెలిగిపోయింది. ఇప్పుడు విరుగుతుంది, ఇప్పుడే, అనుకుంటున్నాను. ఏమీ విరగలేదు. అందరూ నవ్వుతున్నారు. ఒక్క క్షణం నాకూ అనిపించింది, వీళ్ళంతా చూస్తున్నది నిజమేమో, నేను ఒక్కదాన్నే వేరే ఏదో చూస్తున్నానేమోనని. నేను పిచ్చిదాన్నని తేలిపోతే ఎంత బావుండు అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

మామగారు వాణ్ణి పైకెత్తి పటం వైపు తిప్పారు. దండం పెట్టించడానికి వంగినప్పుడు ఆయన చూపు మట్టి మీద పడింది.

అక్కడే ఉండిపోయింది.

మెత్తని మట్టిలో వాడు నుంచున్న చోట చిన్న చిన్న గుంటలున్నాయి. అన్నీ వేళ్ళవే. వెనక మట్టి నున్నగా, దువ్వింది దువ్వినట్టే ఉంది.

"మునివేళ్ళ మీద నుంచున్నాడు వస్తాద్," అన్నాడు ఒక కుర్రాడు నవ్వుతూ. "తమాషా నాటకాల్లో నాచ్ చేసేవాళ్ళలాగా." ఎవరూ నవ్వలేదు. వాడి నవ్వు కూడా సగంలో ఆగింది.

మట్టిలో దిగిన ఏ కుర్రాడికైనా ఆయన చెప్పే మొదటి మాట మడమ గురించే. ఇంట్లో కూర్చుంటే మాకూ వినిపిస్తుంది ఆ కేక, గల్లీ అవతల నుంచి. మడమ దించరా, మడమ లేనివాడు గాలికి పడతాడు, అని. ఆ మాట చెప్పి చెప్పి ఎంతమందిని తయారు చేశారో.

ఆయన మళ్ళీ వాణ్ణి దించారు. ఈసారి ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో కుడి మడమని కిందికి నొక్కారు. మడమ దిగింది. వేలు తియ్యగానే మళ్ళీ లేచింది. మళ్ళీ నొక్కారు. మళ్ళీ లేచింది. రణజీత్ ఏడవడం మొదలెట్టాడు.

మామగారు మట్టిలోనే కూలబడి వాణ్ణి తొడమీద పడుకోబెట్టుకున్నారు. పిక్క పట్టి చూశారు. తొడ పట్టి చూశారు. జబ్బ, ముంజేయి. కుర్రాళ్ళ ఒంట్లో ఎక్కడ నొప్పి ఉన్నా వెతికి పట్టుకునే చేతులవి. చివరికి కుడి పిడికిలి దగ్గరికొచ్చి ఒక్కొక్క వేలూ తెరిచారు. లోపల చెమటకి నాని తెల్లబడిపోయిన బొటనవేలు బయటికి తీశారు. వదిలారు. వేళ్ళు ఒకదాని తర్వాత ఒకటి దానిమీద మూసుకున్నాయి.

"మామంజీ," అన్నాను గడప బయటనుంచి. ఇంతమంది మగవాళ్ళ మధ్య నా గొంతు నాకే కొత్తగా ఉంది. "నాకు కుస్తీ తెలియదు. కానీ పట్టు పట్టినవాడికి వదలడం కూడా చేతనవ్వాలి కదా. వాడు పట్టు పట్టడం లేదు. వదల్లేకపోతున్నాడు."

దీపం వత్తి చిటపటమంది.

నాకు భయం వేసింది. ఇంత మాట ఆయన శిష్యుల ముందు అనాల్సింది కాదు. ఇప్పుడు లేచి వస్తారు, నా చేతిలో సంచీ లాగి వీధిలో పారేస్తారు, పిల్లాణ్ణి నాకు ముట్టుకోనివ్వరు, నన్ను పుట్టింటికి పంపేస్తారు, వాడు తల్లి లేకుండా పెరుగుతాడు. ఇదంతా నా బుర్రలో అయిపోయేలోపు ఆయన నిజంగానే లేచారు.

మెల్లిగా వచ్చారు. ఒంగి గుమ్మం దగ్గర నుంచున్నారు. గడపకి అటు ఆయన, ఇటు నేను. రణజీత్‌ని నా చేతుల్లో పెట్టారు. వాడి కాలి వేళ్ళకి ఎర్రమట్టి అంటుకుని ఉంది. కొంగుతో తుడవబోయాను.

"ఉండనీ," అన్నారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. ముసలివాడి గొంతు. "బస్సెక్కు. డాక్టరమ్మ ఏం చెప్పినా మొత్తం విను. సగం విని రాకు. నాకు భయపడి సగం చెప్పకు."

నేను తలూపాను. ఆయన నా భుజం మీదుగా వెనక్కి చూస్తున్నారు, బండి దగ్గర నుంచున్న కొడుకు వైపు. ఎన్నో ఏళ్ళ తర్వాత తిన్నగా చూస్తున్నారు.

"ఉత్తమ్యా."

మా ఆయన తలెత్తలేదు.

"ఈ గోదాలో నువ్వు పదేళ్ళున్నావు. ఏ కండ ఏం చెబుతుందో నా తర్వాత ఈ ఇంట్లో తెలిసింది నీకే. నా కళ్ళకి ఆశ అడ్డమొచ్చింది, ఒప్పుకుంటాను. నువ్వు రోజూ వాణ్ణి ఎత్తుకుంటావు. నేను ఎత్తితే బిగుసుకునేవాడు నువ్వు ఎత్తితే సడలుతాడు. అలా ఎత్తాలని నీకెవరు చెప్పారు?"

మా ఆయన కొబ్బరికాయ పీచు గోటితో లాగుతున్నారు.

"నిన్నే అడుగుతున్నాను. నీకు తెలియలేదా?"

గల్లీ చివర పాలవాడి బిందెలు మోగాయి. ఎవరో ఆడమనిషి పై అంతస్తు నుంచి బిడ్డని పేరు పెట్టి పిలుస్తోంది, ఆ బిడ్డ పలకడం లేదు. రణజీత్ నా మెడ దగ్గర వెక్కుతున్నాడు. నేను మా ఆయన మొహం చూస్తున్నాను. తెలియదు నాన్నా అంటారని, అనాలని, చూస్తున్నాను. ఆయన కొబ్బరికాయని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. బండి సీటు మీద పెట్టారు. దొర్లబోతే పట్టుకున్నారు. అది నిలబడేదాకా దాన్నే చూస్తూ ఉన్నారు.

మామగారు కదల్లేదు. ఆయనకి ఓపిక ఎక్కువ, ఎదుటివాడు అలిసేదాకా ఆగడం ఆయన విద్య.

"తెలుసు," అన్నారు మా ఆయన చివరికి, నా వైపు చూడకుండా. "వైజూ కంటే ముందే తెలుసు."